గెలుపు ఓటముల లెక్క: సత్యాగ్రహ యోధుల తీర్పు

వ్యాజ్యములో ఓడినవాడు కచేరీలో ఏడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెననియు మన పెద్దలు సామెత చెప్పుదురు. న్యాయాధికారి కూర్చుండి తీర్పు వ్రాసిన తగవు సంగతియే ఇట్లున్నప్పుడు, తీర్పరియే లేని యుద్ధము మాట చెప్పనేల? 1918లో జయించితిమని ఉత్సవములు జరుపుకొన్న దేశములే 1939లో మరల తమ బిడ్డలను రణభూమికి పంపవలసివచ్చెను. కావున దీర్ఘకాలము సాగిన పోరాటమున గెలిచితిమా, ఓడితిమా యను ప్రశ్నకు సంధిపత్రములు సమాధానము చెప్పజాలవు. అందు పాల్గొన్నవారి మనస్సును, అటుపిమ్మట వారి నడవడిని చూడవలసియుండును.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారు పోరాడిన దీర్ఘయుద్ధము ఆయుధములు లేనిది. 1921లో సహాయనిరాకరణముతో ఆరంభమై, నడుమ నడుమ ఆగుచు, 1947 వరకు అది సాగినది. అందలి మూడు ఘట్టములను పరిశీలించినచో ఆ యోధుల లెక్క ఎట్టిదో కొంత తెలియగలదు.

మొదటిది చీరాల-పేరాల ఘట్టము. 1919లో ప్రభుత్వమువారు ఆ గ్రామములను మునిసిపాలిటీగా మార్చిరి. సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను 40,000 వరకు పెరుగునని తేలినది. అచ్చటివారిలో మగ్గముపై బ్రతుకు నేతపనివారు పెక్కురు. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చినప్పుడు, ఊరు విడిచిపోయినచో అచ్చట మునిసిపాలిటీకి పనియే యుండదని సూచించెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, సుమారు 15,000 జనములో 13,000 మందికి పైగా ఇండ్లు విడిచి, ఊరి వెలుపల తాటియాకు పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరు పెట్టుకొనిరి. రామదండు వారికి రక్షకభటులై నిలిచినది. ఎండను, వానను, చలిని సహించుచు వారు దాదాపు పదునొకండు మాసములు అచ్చటనే యుండిరి. గోపాలకృష్ణయ్యగారు బరంపురమున నిర్బంధింపబడి ఒక సంవత్సరము చెరసాల పాలయిరి. నాయకుడు లేక, ధనము లేక, 1922లో జనులు తిరిగి ఇండ్లకు చేరిరి. మునిసిపాలిటీ రద్దు కాలేదు. గోపాలకృష్ణయ్యగారు 1928లో క్షయవ్యాధితో, నలుబది యేండ్లయినను నిండకుండ, పేదరికముననే కన్నుమూసిరి.

రెండవది బాపట్లకు ఎగువనున్న పెదనందిపాడు ఫిర్కా రైతుల పన్నుల నిరాకరణము. 1922 జనవరిలో పర్వతనేని వీరయ్యచౌదరిగారు శాంతిసేనను కూర్చి, శిస్తు చెల్లింపవలదని ఊరూర చాటిరి. గ్రామోద్యోగులు పెక్కురు రాజీనామా లిచ్చిరి. జప్తు చేసిన పశువులను, సామానును వేలము వేయబోయిన పాడువాడు లేకపోయెను. వచ్చిన అధికారులకు బండి కట్టువాడును, కుండెడు నీళ్లు పోయువాడును కరవైరి. ప్రభుత్వమువారు సైనికులను గ్రామములలో కవాతు చేయించిరి. తరువాతి కాలమున అల్లూరి సీతారామరాజు ఉద్యమమును అణచుటకు పంపబడిన రూథర్‌ఫర్డు దొరయే ఇచ్చటను అధికారియై వచ్చెను. అయినను రైతులు చేయెత్తలేదు. ఖద్దరు, అస్పృశ్యతా నివారణము, అహింస మొదలగు నియమములు పూర్తిగా నెరవేరినగాని ఇట్టి సమరము తగదని గాంధీజీ దేశభక్త కొండ వెంకటప్పయ్యగారికి వ్రాసియుండిరి. ఇంతలో ఫిబ్రవరిలో చౌరీచౌరాలో హింస జరుగుటయు, బార్డోలీలో ఉద్యమము నిలుపబడుటయు సంభవించెను. పెదనందిపాడు రైతులు తాము నిలిపిన శిస్తును తామే చెల్లింపవలసినవారైరి.

మూడవది తెనాలి ఘట్టము. 1942 ఆగస్టు 8వ తేదీన క్విట్ ఇండియా తీర్మానము జరిగినది. మరునాటి తెల్లవారుజామున నాయకులు నిర్బంధింపబడిరి. 12వ తేదీన తెనాలిలో హర్తాళు జరిగి, జనసమూహము రైల్వేస్టేషనుపై పడగా అది తగులబడెను. పోలీసులు కాల్పులు జరిపిరి. ఏడుగురు నేలకొరిగిరి. వారి జ్ఞాపకముగనే నేడు రణరంగ్ చౌక్ నిలిచియున్నది. నాటి సాయంకాలమునకు పట్టణము ప్రభుత్వము చేతిలోనే యుండెను.

ఆయా దినముల లెక్క చూచినచో ఈ మూడును ఓటములే. దీనిని దాచుట తగదు. స్వాతంత్ర్యము వచ్చినది గనుక జరిగినదంతయు విజయమేయని వ్రాయుట సులభము. కాని పదునొకండు మాసములు మగ్గము సరిగ నాడక అప్పులపాలైన నేతవాని ఇంటిలో ఆ వ్రాత నిలువదు. ఇంతకాలము నిలిచి ఇప్పుడు శిస్తు కట్టుటయా యని తల వంచుకొన్న రైతు బాధయు నిజమైనదే. ఆజ్ఞ వచ్చినది గనుక ఆగుటయు, ఓడి ఆగుటయు ఒకటి కాదు. అయినను పొలము గట్టున నిలిచి చూచువానికి రెండును ఒకటిగనే కనబడును.

అట్లయిన యోధులు తమ పోరాటమును ఓటమిగా ఎంచిరా? వారి మాటలకన్న వారి నడవడియే దీనికి మేలైన సాక్ష్యము. ఓడితిమని నమ్మినవాడు మరల దండులో చేరడు. 1922లో వెనుకకు మరలిన ఈ గుంటూరు మండలమే 1930లో ఉప్పు సత్యాగ్రహమునకు లేచినది. వృద్ధాప్యము పైబడుచున్న కొండ వెంకటప్పయ్యగారు మరల చెరసాలకు పోయిరి. 1930 తరువాతి దశాబ్దమున ఆచార్య రంగాగారు బాపట్ల తాలూకా నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నడిపిరి. వేలమున పాట పాడకుండుట నేర్చిన రైతునకు తరువాత శాసనములను చదువుట నేర్పుట కది సాధనమయ్యెను. 1942లో తెనాలి వీథులలోనికి వచ్చినవారిలో యువకులు పెక్కురు. 1922 ముచ్చటలు వారు చిన్ననాట అరుగులపై వినియుందురు.

దీనినిబట్టి వారి కొలమానము తెలియుచున్నది. దొర వచ్చినచో లేచి నిలుచుట, జప్తు అనగా ఇల్లు వణకుట, చెరసాల అనగా వంశమునకు మచ్చయని తలచుట: ఈ మూడు భయములు పోయినవా లేదా యనునదే వారి ప్రశ్న. భయము పోయినచో నేడు విడిచిన పని రేపు చేయవచ్చును. భయము నిలిచినచో గెలిచిన కోటయు చేజారును. బాపట్లలో 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు కోరిన ఆంధ్రరాష్ట్రము 1953లోగాని రాలేదు. నలుబది యేండ్ల పంటను మొదటి కారునందే కొలువరాదు.

అయినను ఈ తీర్పున ఒక లోపము కలదు. ఇది బ్రతికి మరల వచ్చినవారి తీర్పు. దుగ్గిరాలవారిని 1947లో అడుగుటకు వీలులేదు. తెనాలి వీరులేడుగురిని అసలే అడుగ వీలులేదు. అస్పృశ్యతా నివారణము నాడు యుద్ధ నియమముగా చెప్పబడినది. ఆ నియమము సంపూర్ణముగా నెరవేరువరకు యుద్ధము ముగియలేదని చెప్పు హక్కు ఆనాడు వెలివాడనుండి వచ్చి శాంతిసేన వెంట నడచినవానికి కలదు. కావున గెలుపు లెక్కలో చెల్లని బాకీలను కూడ వ్రాయవలెను.

1972లో స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున భారత ప్రభుత్వము సమరయోధులకు తామ్రపత్రములను, పింఛనులను ఏర్పాటు చేసెను. ఆరునెలల కారాగారవాసము, ఆస్తి జప్తు కాబడి విక్రయింపబడుట మొదలైనవి కాలక్రమమున అర్హతలుగా నిర్ణయింపబడినవి. అది సముచితమే. కాని వానికి కాగితపు సాక్ష్యము కావలెను. రామనగరపు పాకలలో గంజి కాచిన ఇల్లాలికి ఏ కచేరీ కాగితమున్నది? జప్తు భటులు వచ్చులోపల ఇరుగుపొరుగు ఎడ్లను పొలిమేర దాటించిన పాలేరునకు ఏ రికార్డున్నది? అర్ధశతాబ్ది గడచిన పిమ్మట వారిలో ఎందరు మిగిలియుందురు?

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పెదపాలెము, కొల్లూరుల నడుమ పడవ గ్రంథాలయమును నడిపిరి. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పాఠకుని గుమ్మమునకు పోవలెననునది వారి భావము. ఆ కొల్లూరు నేడు, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో, రేపల్లె రెవెన్యూ డివిజనులో నున్నది. ఆ పడవ పుస్తకములను ఇండ్లకు చేర్చినది. ఇప్పటి గ్రంథాలయము ఇండ్లలోని జ్ఞాపకములను పుస్తకములలోనికి చేర్పవలెను. ఏ ఇంటి ఎడ్లు జప్తుకు పోయినవి, ఏ ఇంటి పొయ్యి దండునకు వండినది, ఎవరు తిరిగి రాలేదు, ఈ మూడు ప్రశ్నలకు ప్రతి గ్రామమున ఒక దళసరి నోటుపుస్తకము చాలును. మనుమలు, మునిమనుమలు విన్నది చెప్పగలిగియున్న కాలమిది. ఆ పుస్తకము నిండిన నాడు గెలిచితిమా, ఓడితిమా యను ప్రశ్నకు ఆ ఊరివారే, తమవారి పేర్లు చదువుకొని, తీర్పు చెప్పుకొనగలరు.