స్మార్టుఫోనుల వెలల పోటీ – ఒక చారిత్రక పరిశీలనము

వస్తువు వెల తగ్గినప్పుడు కొనువాడు సంతోషించును. అది ఎందుకు తగ్గినదని విచారించువారు అరుదు. స్మార్టుఫోను విషయమున ఈ విచారణ అత్యావశ్యకము. ఏలయన, ఆ వెలలు తగ్గిన క్రమముననే కొన్ని మహాసంస్థలు కూలినవి, కొన్ని కర్మాగారములు మూతపడినవి. మరియు తెలుగు అక్షరము సామాన్యుని అరచేతిలోనికి వచ్చినది.

ఈ చరిత్రలో పోటీలు రెండు కలవు. మొదటిది ఫోనులను తయారుచేయు సంస్థల పోటీ. రెండవది ఆ ఫోనులను నడిపించు ఆపరేటింగ్ సిస్టముల పోటీ. ఫోనులోని ఆప్‌లను అంగళ్లుగా భావించినచో, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ అంగళ్లు నిలిచిన వీథి వంటిది. అంగళ్లు పెక్కుగా ఉన్న వీథికే జనము పోవుదురు. జనము పోవు వీథియందే వర్తకులు అంగళ్లు తెరతురు. మొదట వెనుకబడిన వీథికి జనమును మరలించుట మిక్కిలి కష్టము. ఈ సూత్రము తెలిసినచో తరువాతి కథ యంతయు సులభముగా బోధపడును.

2007 నాటికి నోకియా ఫోనులలోని సింబియన్ వ్యవస్థ ప్రపంచమున అగ్రస్థానమున ఉండెను. ఆ సంవత్సరము జూన్ 29వ తేదీన ఆపిల్ సంస్థవారి ఐఫోను అమెరికాలో విక్రయమునకు వచ్చెను. 8 గిగాబైట్ల ఫోను వెల 599 డాలర్లు. సెప్టెంబరు 5వ తేదీన, అనగా పది వారములైనను నిండకమునుపే, దానిని 399 డాలర్లకు తగ్గించిరి. ముందుగా కొన్నవారు నొచ్చుకొనగా, సంస్థాధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ వ్రాసి, వారికి తమ అంగళ్లలో 100 డాలర్ల మేరకు సరకు కొనుక్కొను వీలు కల్పించెను. స్మార్టుఫోనుల వెల స్థిరమైనది కాదని లోకమునకు తేటపడినది అప్పుడే.

అదే సంవత్సరము నవంబరు 5వ తేదీన గూగుల్ సంస్థ మరికొన్ని సంస్థలతో కూడి ఆండ్రాయిడ్ వ్యవస్థను ప్రకటించెను. 2008 అక్టోబరులో దాని తొలి ఫోను అమెరికాలో వెలువడెను. ఈ వ్యవస్థను వాడుకొను తయారీదారు మూల్యము చెల్లింప నక్కరలేదు. ఇది దానధర్మము కాదు. ఫోను చేతబట్టినవారు వెదకుచున్నంతకాలము ప్రకటనలవలన గూగుల్‌కు రాబడి కలుగును. మైక్రోసాఫ్ట్ మాత్రము తన విండోస్ వ్యవస్థకు ఫోనుకింత యని రుసుము వసూలు చేయుచుండెను. ఉచితముగా లభించుదానిని విడిచి సొమ్మిచ్చి మరియొకదానిని తీసికొను తయారీదారులు తగ్గిపోయిరి.

2011 ఫిబ్రవరిలో నోకియా సింబియన్‌ను విడనాడి విండోస్‌ను ఆశ్రయించెను. అప్పటికే కొత్త వీథులలో జనము క్రిక్కిరిసి యుండిరి. 2013 సెప్టెంబరులో నోకియా ఫోనుల విభాగమును కొనుటకు మైక్రోసాఫ్ట్ ఒప్పందము చేసికొనెను. 2014 ఫిబ్రవరిలో హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల ఆ సంస్థకు అధిపతి యయ్యెను. ఏప్రిలులో చిన్న పరికరములకు విండోస్ రుసుమును రద్దుచేసిరి. అప్పటికే కాలము మించిపోయినది. 2015 జూలైలో సుమారు 760 కోట్ల డాలర్లను నష్టముగా వ్రాసివేయవలసివచ్చినది.

భారతదేశమున 2014వ సంవత్సరము వెలల పోరునకు పరాకాష్ఠ. జూలైలో చైనా సంస్థ షియోమి తన ఎం.ఐ.3 ఫోనును దుకాణములతో పనిలేకుండ ఫ్లిప్‌కార్ట్ ద్వారా 13,999 రూపాయలకు అమ్మెను. ఆగస్టులో ఇంటెక్స్ సంస్థ ఫైర్‌ఫాక్స్ వ్యవస్థగల ఫోనును 1,999 రూపాయలకు తెచ్చెను. సెప్టెంబరు 15వ తేదీన మైక్రోమాక్స్, కార్బన్, స్పైస్ సంస్థలు గూగుల్‌తో కలిసి 6,399 రూపాయలు మొదలుగా ఆండ్రాయిడ్ వన్ ఫోనులను విడుదల చేసెను.

ఈ పోరు ఫలితములు తమిళాంధ్ర సరిహద్దు ప్రాంతమున ప్రత్యక్షముగ కానవచ్చినవి. చెన్నపట్టణ సమీపమున శ్రీపెరుంబుదూరులో 2006లో ఆరంభమైన నోకియా కర్మాగారము వేలమందికి, అందు విశేషముగా యువతులకు, జీవనాధార మయ్యెను. పన్నుల వివాదమువలన అది మైక్రోసాఫ్ట్ కొనుగోలులో చేరలేదు. ఆ సంస్థ తన తయారీ ఒప్పందమును ముగింపగా, 2014 నవంబరు 1వ తేదీన అచట ఉత్పత్తి నిలిచిపోయెను. ఏడాది తిరుగకమునుపే, 2015 ఆగస్టులో, నేడు తిరుపతి జిల్లాకు చెందిన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారమున తయారైన షియోమి ఫోను 6,999 రూపాయల వెలతో విశాఖపట్టణమున విడుదల యయ్యెను. ఒక వీథి మూతపడి మరియొక వీథి తెరువబడుట కొనువారికి వెల యందలి భేదమే. పని పోయినవారికి అది బ్రతుకునందలి భేదము.

ఇక లిపి విషయము. తెలుగునకు యూనికోడ్ ప్రమాణమున 1991లోనే స్థానము లభించినను, పెక్కు ఫోనులలో తెలుగు వ్రాత చాలకాలము డబ్బాలుగనే కనబడెను. 2012లో వెలువడిన ఆండ్రాయిడ్ 4.1లో తెలుగు, కన్నడ, మలయాళ లిపులను చూపు ఏర్పాటు జరిగినది. చవుక ఫోనుల పోటీ ముదిరినకొలది ఈ సౌకర్యము ఇంటింటికిని చేరెను. అయినను ఖరీదు ఫోనులు సైతము తెలుగు విషయమున దోషరహితములు కావు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను సంయుక్తాక్షరము ఒకానొక సంకేతక్రమమున వచ్చినంతనే ఐఫోనులలోని ఆప్‌లు స్తంభించినవి. ఆపిల్ అదే నెల 19వ తేదీన ఆ దోషమును సవరించెను. చిత్రమేమనగా, ‘జ్ఞానము’ అను పదమునకు మొదటి అక్షరమే యంత్రమునకు కొరుకుడుపడలేదు!

కాలక్రమమున ఫైర్‌ఫాక్స్, విండోస్ మొదలగునవి ఫోనుల రంగమునుండి తొలగగా, ఆండ్రాయిడ్, ఐఫోను వ్యవస్థలు రెండే ప్రధానముగ నిలిచినవి. తయారీదారులు పెక్కురు, వీథులు మాత్రము రెండే. 2022 అక్టోబరులో భారత పోటీ కమిషన్ ఆండ్రాయిడ్ విషయమున గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించుటకు, తన ఆప్‌లను ముందుగనే ఫోనులలో చేర్చవలెనని తయారీదారులపై పెట్టిన నిబంధనలు ఒక ముఖ్యకారణము. 2023 మార్చిలో అప్పీలు న్యాయస్థానము ఆ జరిమానాను స్థిరపరచెను.

దీనినిబట్టి రెండంశములు తేలుచున్నవి. వెల తగ్గుట సంస్థల ఔదార్యముచే గాక పోటీచే జరిగినది. కావున పోటీదారులు తగ్గిన రంగమున కొనువారు మెలకువతో నుండవలెను. తెలుగు లిపి ఫోనులలో చేరుట కోట్లకొలది తెలుగువారు కొనుగోలుదారులగుటచే సుకరమయ్యెను. దాని ఫలము హోసూరునందలి బాలునికిని, బరంపురమునందలి బాలికకును సమానముగ అందినది. తెలుగు పుస్తకము దొరకని ఊరిలోకూడ నేడు తెలుగు అక్షరము చేతిలో నున్నది. విపణి చేయగలిగినది అంతమాత్రమే. ఆ అక్షరమును చదివించుట మాత్రము మన గృహముల, పాఠశాలల, సంఘముల బాధ్యతయే.