మరమనిషి ముందు మొహమాటం

మనిషి ఆకారంలో ఉన్న రోబో పక్కన పనిచేయడం గురించి చర్చ మొదలైతే ముందుగా వచ్చేవి నమ్మకం, భయం. మనిషిని పోలీ పోలనట్టుండే బొమ్మను చూస్తే ఒళ్ళు జలదరిస్తుందని జపాన్ పరిశోధకుడు మసాహిరో మోరి 1970లోనే రాశాడు. కానీ కెనడాలో జరిగిన రెండు సంగతులు చూశాక, ఈ లెక్కలోకి మరో మాట రావాలని నాకు అనిపించింది. అది మన ఇళ్ళలో రోజూ వినిపించే మొహమాటం.

మొదటిది విన్నిపెగ్‌లోని మానిటోబా విశ్వవిద్యాలయంలో జేమ్స్ యంగ్ బృందం చేసి 2013లో ప్రచురించిన ప్రయోగం. పని పరమ విసుగు. కంప్యూటర్లో ఫైలు పేరు చివరనున్న జేపీజీ చెరిపి పీఎన్‌జీ అని కొట్టాలి. ఒకటి అయ్యాక మరొకటి, అదీ చేత్తోనే. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా లేచిపోవచ్చని ముందే చెప్పారు. కొందరి మీద అజమాయిషీకి మనిషిని, కొందరి మీద నావో అనే రోబోను పెట్టారు. నావో ఎత్తు 58 సెంటీమీటర్లు, అంటే మోకాలు దాటితే గొప్ప. ఇక చాలంటే, కానివ్వమంటుంది. 80 నిమిషాలపాటు చివరిదాకా కూర్చున్నవాళ్ళు మనిషి దగ్గర 86 శాతం, నావో దగ్గర 46 శాతం.

పాల్గొన్నది 27 మందే కాబట్టి ఈ అంకెల మీద మేడలు కట్టకూడదు. ఆ 46 మనిషి అంకెలో దాదాపు సగమేనని తీసిపారేయడమూ తప్పే. నావో కొట్టదు, జీతం కోయదు. అయినా వాళ్ళు దానితో వాదించారు, తప్పించుకోజూశారు, చివరికి అయిష్టంగానే మళ్ళీ కీబోర్డు మీద చేతులు వేశారు. గ్రైండరుతో ఎవరూ వాదనకు దిగరు. ఎదురుగా ఒక ముఖం ఉండి అడుగుతుంటే కాదని లేచి రావడమే కష్టం. దీన్ని భయమనో నమ్మకమనో అనలేం.

రెండోది బ్రిటిష్ కొలంబియాలోని లాంగ్లీ పట్టణంలో, కెనడియన్ టైర్ సంస్థకు చెందిన మార్క్స్ బట్టల దుకాణంలో. వాంకూవర్ కంపెనీ శాంక్చువరీ ఏఐ 2023లో అక్కడ వారం రోజులు తన రోబోను పనిలో పెట్టింది. సరుకు ఏరడం, ప్యాకింగు, లేబుళ్ళు అంటించడం, బట్టలు మడతపెట్టడం, తుడవడం వంటివన్నీ కలిపి 110 రకాల పనులు చేసిందని ప్రకటించారు. ఆ లెక్క రోబోది. పక్కన నిలబడ్డ గుమాస్తాకు సంబంధించిన అసలు విషయం వేరే ఉంది. చొక్కా మడిచే ఆ చేతులను దూరం నుంచి ఆడించింది ఇంకో మనిషి. అప్పుడు గుమాస్తా ‘కాస్త జరుగు’ అనాల్సింది యంత్రంతోనా, కనబడని ఆ తోటి కూలీతోనా?

విన్నిపెగ్‌లోనూ అంతే. నావోను తెర వెనక నుంచి నడిపింది మనిషే. ఫైళ్ళు మారుస్తున్నంతసేపూ ఆ సంగతి వాళ్ళకు తెలియదు.