హైడ్రాలిక్ గేర్ మోటారు: చరిత్ర, ఎంపిక

ఒత్తిడితో వచ్చే నూనె బలాన్ని షాఫ్టు తిరుగుడుగా మార్చేది హైడ్రాలిక్ మోటారు. అందులో అన్నిటికంటే సాదా రకం గేర్ మోటారు. గట్టి లోహపు డొల్లలో పళ్లు పళ్లు కలిసి తిరిగే రెండు చక్రాలు, ఒకదానికి బయటికి వచ్చిన షాఫ్టు, అంతే.

పాత వరంగల్ జిల్లాలోని పాలంపేటలో కాకతీయుల నాటి రామప్ప చెరువు నీరు తూముల గుండా తనంతట తాను పల్లానికి పారుతుంది. ఆ ఊరికి ఉత్తరాన భూపాలపల్లిలో, సింగరేణి వారి కాకతీయ ఖని గనుల్లో ద్రవం చేసే పని వేరు. ఒకప్పుడు తట్టలతో బొగ్గు ఎత్తిన చోట బొగ్గును బకెట్‌తో ఎత్తిపోసే ఎస్‌డీఎల్ (సైడ్ డిశ్చార్జ్ లోడర్) యంత్రాలు వచ్చాయి. వాటిలో ఒక విద్యుత్ మోటారు పంపును తిప్పుతుంది. బకెట్ ఎత్తడం, ముందుకు నడవడం వంటి పనులు నూనె ఒత్తిడితో సాగుతాయి. బరువు మించి ఆగిపోయినా హైడ్రాలిక్ మోటారు విద్యుత్ మోటారులా కాలిపోదు. రిలీఫ్ వాల్వు తెరుచుకుని నూనె ట్యాంకుకు మళ్లుతుంది. గనికి ఈ గుణం ఎంతో అవసరం.

ఈ యంత్రం పుట్టుకలోనూ గని ఉంది. గ్రహాల కక్ష్యలను లెక్కగట్టిన యోహానెస్ కెప్లర్ 17వ శతాబ్ది తొలి ఏళ్లలో గనుల్లో నీరు తోడడానికి రెండు పళ్ల చక్రాల పంపు రూపొందించాడు. దాన్నే తిరగేసి, ద్రవాన్ని తోసి చక్రాలను తిప్పిస్తే గేర్ మోటారు. 1795లో జోసెఫ్ బ్రామా ప్రెస్సు ద్రవ ఒత్తిడిని పరిశ్రమలోకి తెచ్చింది. 20వ శతాబ్దిలో నీటి స్థానంలోకి నూనె వచ్చాక తుప్పు బాధ తగ్గింది, కందెన దానంతట అదే అందింది. 1950లలో అమెరికాలో లిన్ చార్ల్‌సన్ ఆర్బిట్ మోటారును తెచ్చి, నెమ్మదిగా తిరిగే బలమైన పనులకు దారి చూపాడు.

గేర్ మోటారు ఎంపికలో చిక్కు ఈ నెమ్మది, బరువు పనుల దగ్గరే. 32 సీసీ గేర్ మోటారుకు 160 బార్ ఒత్తిడి ఇస్తే లెక్క ప్రకారం సుమారు 81 న్యూటన్ మీటర్ల టార్క్ రావాలి. కానీ ఆగి ఉన్న బరువును కదిపేటప్పుడు అందులో మూడొంతులే చేతికి రావచ్చు. కాబట్టి నడిచే టార్క్ కాదు, మొదలయ్యే టార్క్ చూడాలి. వేగం సంగతీ అంతే. పళ్ల సందుల్లోంచి నిమిషానికి 2 లీటర్లు కారిపోతాయనుకోండి. 1500 ఆర్‌పీఎం దగ్గర అవసరమైన 48 లీటర్లలో అది లెక్కలోకి రాదు. 150 ఆర్‌పీఎం దగ్గర సుమారు 5 లీటర్లలో 2 పోతే యంత్రం కుదుపుతూ నడుస్తుంది. అందుకే కూలింగ్ ఫ్యాన్ల వంటి వేగపు పనులకు గేర్ మోటారే సరి. ధర తక్కువ, బాగుచేయడం తేలిక. బరువులు లాగే వించికి, బోరు రిగ్గు తలకు ఆర్బిట్ లేదా పిస్టన్ మోటారు పెట్టాలి. చెరువుల పూడిక తీసే ప్రొక్లెయిన్ల చైన్లను తిప్పేవి సాధారణంగా పిస్టన్ మోటార్లే.

పాడైన గేర్ మోటారు విప్పితే కథ కళ్లముందే ఉంటుంది. నూనెలో దుమ్ము ఉంటే డొల్ల లోపలి గోడ మీద గోరుకు తగిలేంత గీతలు పడతాయి. ఆపై ఎంత ఒత్తిడి ఇచ్చినా నూనె ఆ గీతల వెంటే జారిపోతుంది. రెండు వైపులా తిప్పే మోటారుకు డ్రెయిన్ పైపు విడిగా ట్యాంకులోకి వెళ్లాలి. దాన్ని రిటర్న్ లైనులో కలిపేస్తే వెనక ఒత్తిడికి ఆయిల్ సీల్ బయటికి తన్నుకొస్తుంది. మన ఎండల్లో నూనె పలచబడి లీకేజీ పెరుగుతుంది గనుక 68 గ్రేడు వాడే వారెక్కువ. అయినా తయారీదారు చెప్పిన చిక్కదనమే ప్రమాణం.

కొత్త మోటారు కొనేటప్పుడు పాతదాని ఫ్లాంజి, షాఫ్టు కొలతలు సరిపోతే చాలనుకోవద్దు. మొదలయ్యే టార్క్, కనీస వేగం, ఓర్చుకునే వెనక ఒత్తిడి, ఈ మూడూ కాగితం మీద రాసి ఇచ్చే చోటే కొనండి.