రేపటి అక్షరం అంటే వెడల్పాటి అక్షరమేనా?

సైన్స్ ఫిక్షన్ సినిమా పోస్టర్ల మీద, మొబైల్ షాపుల బోర్డుల మీద కొన్ని ఇంగ్లీషు అక్షరాలు అడ్డంగా సాగి, మూలలు గుండ్రంగా తిరిగి కనిపిస్తాయి కదా. చూడగానే "ఇది రేపటి కాలానిది" అనిపిస్తుంది. కానీ ఆ రేపటికి డెబ్భై ఏళ్లు దాటినయి.

ఇటలీలోని టూరిన్‌లో నెబియోలో అని అచ్చు అక్షరాలు పోతపోసే కంపెనీ ఉండేది. అక్కడ 1952లో అలెస్సాండ్రో బుట్టి, ఆల్డో నోవరేజే కలిసి మైక్రోగ్రామా అనే ఫాంటు చేశారు. అందులో 'ఓ' మన సున్నాలా ఉండదు. అప్పటి టీవీ తెరలా ఉంటుంది, అటు చతురస్రమూ కాదు, ఇటు వృత్తమూ కాదు. ఆ రోజుల్లో టీవీయే కొత్త వింత. ఆ ఫాంటులో అన్నీ క్యాపిటల్ అక్షరాలే. 1962లో నోవరేజే చిన్న అక్షరాలు కూడా చేర్చి యూరోస్టైల్ తెచ్చారు. 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో అంతరిక్ష నౌక తెరల మీద ఈ తరహా అక్షరాలే కనిపిస్తాయి. ఆ తర్వాత సినిమా వెనక సినిమా అదే బాట పట్టింది. అంటే, భవిష్యత్తు ఆ గీతల్లో పుట్టలేదు. చూసి చూసి మన కంటికి అలవాటయింది.

మరి ఇదే రూపం తెలుగుకు ఎందుకు తేలిగ్గా అతకదు? కోస్గి లాంటి ఊరిలో ఒక దుకాణం బోర్డు ఊహించుకోండి. ఇంగ్లీషుకు, తెలుగుకు చెరి అడుగు ఎత్తు ఇచ్చారనుకుందాం. ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరం ఆ అడుగంతా నిండుతుంది. తెలుగుకు పైన గుడి కావాలి, కింద ఒత్తు కావాలి. 'రాష్ట్రం' రాయాలంటే ష కింద రెండు ఒత్తులు. వీటికి చోటిచ్చేసరికి అసలు అక్షరం చిన్నదైపోతుంది. ఇంకో చిక్కు: తల దగ్గర గీత కలిస్తే 'వ', కలవకుంటే 'ప'. ఒంపులన్నీ పెట్టెల్లా మలిస్తే ఆ సందు మూసుకుపోతుంది, చదివేవాడు తడబడతాడు.

అందుకని తెలుగుకు దారి లేదా? ఉంది. ముంబయిలోని ఏక్ టైప్ సంస్థ 2022లో అనేక్ ఫాంట్లు విడుదల చేసింది. పది లిపులున్నాయి, తెలుగుతో పాటు మన పక్కవాళ్ల కన్నడ కూడా. ఒకే ఫాంటును సన్నగా, వెడల్పుగా మార్చుకోవచ్చు. ఉచితం కూడా. అచ్చం మన పాలమూరు బిడ్డ, 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరుతో సిలికానాంధ్ర ఇచ్చిన ఫాంటు లాగే.

ఇక్కడ ఇంగ్లీషు ఫాంటును తెలుగులోకి దింపడం లేదు. తెలుగు ఒంపును ఒంపుగానే ఉంచి సాగదీస్తున్నారు. నా మాట ఒక్కటే: బోర్డు రాయించేటప్పుడు తెలుగుకు ఇంకో నాలుగంగుళాల ఎత్తు అడగండి. రేపటి కాలం మన లిపిలో కూడా కనిపించాలంటే ముందు దానికి చోటు దొరకాలి కదా.