పొలం పని తగ్గిన ఇంట మధుమేహం: అవగాహన, నివారణ

మధుమేహం ఒక్కనాటిలో వచ్చు జబ్బు కాదు. రక్తంలో చక్కెర మెల్లమెల్లగా పెరుగుచు, ఏండ్ల తరబడి ఏ బాధా తెలియనీయక, కన్నులను, మూత్రపిండాలను, నరాలను, గుండెను లోలోపల దెబ్బతీయును. అందుచేత బాధ కలిగిన పిమ్మట వైద్యుని చూడవచ్చుననుకొనుట ఈ వ్యాధి విషయంలో ప్రమాదకరం.

వ్యాధి స్వరూపం

మనం తిన్న పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలో చేరును. దానిని కండరాలకు అందించుటకు క్లోమగ్రంథి నుండి వెలువడు ఇన్సులిన్ అవసరం. ఇన్సులిన్ చాలకపోయినను, ఉన్న ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినను చక్కెర రక్తంలోనే నిలిచిపోవును. అధికంగా పిల్లలలో కనిపించు మొదటి రకానికి ఇన్సులిన్ సూదిమందు తప్పదు. అది తిండి వలన వచ్చినది కాదు. పెద్దలలో సాధారణంగా కనిపించునది రెండవ రకం. నివారణకు అవకాశమున్నది దీనికే.

2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం కలదు; మరి 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పల్లెలలో సైతం నూటికి దాదాపు 9 మంది పెద్దలకు ఈ వ్యాధి ఉన్నట్లు తేలినది. ఇది పట్టణాల జబ్బు అనుట ఇక చెల్లదు.

పొలం చేయించిన వ్యాయామం

పావగడ తాలూకాలోని క్యాతగానచెర్లు వేరుశనగ, రాగి పండించు మెట్టప్రాంతపు ఊరు. తిరుమణి, వళ్ళూరు, బళసముద్రం, రాయచెర్లు గ్రామాలతోపాటు ఈ ఊరి భూములు కూడ 'శక్తిస్థల' సౌరవిద్యుత్ పార్కులో చేరినవి. 2018 మార్చిలో ప్రారంభమైన ఈ పార్కు సుమారు 13,000 ఎకరాలలో విస్తరించినది. రైతులు భూమిని అమ్మలేదు, కౌలుకిచ్చిరి.

భూమి కౌలుకిచ్చిన ఇంటికి ఏటేటా పైకం వచ్చును; కాని ఆ భూమిలో దున్నుట, కలుపు తీయుట, వేరుశనగ పెరుకుట ఇక లేవు. పనిచేయు కండరం ఇన్సులిన్ కొరతపడినను గ్లూకోజును గ్రహించగలదు. పని తగ్గి, ముద్ద మాత్రం మునుపటి పరిమాణంలోనే ఉన్నచో చక్కెర మిగిలిపోవును. ఇదివరకు పొలం చేయించిన వ్యాయామాన్ని ఇకపై మనిషే కోరి చేయవలెను.

ఇది సాధ్యమేనా? 2006లో ప్రచురితమైన చెన్నై వైద్యుల పరిశోధన ఇందుకు సమాధానం. మధుమేహపు అంచున ఉన్న 531 మందిని సుమారు మూడేండ్లు పరిశీలించగా, సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చినది. నడక, ఆహారనియమం పాటించినవారిలో 39 మందికే వచ్చినది. కనుక దినమునకు కనీసం 30 నిమిషాలు, వారానికి అయిదు దినాలు చురుకుగా నడవవలెను.

ఎవరు, ఎట్లు పరీక్షించుకొనవలెను?

30 ఏండ్లు దాటిన ప్రతివారు పరీక్ష చేయించుకొనుట మేలు. తల్లిదండ్రులకు వ్యాధి ఉన్నవారు, నడుము చుట్టుకొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు మించినవారు, గర్భిణిగా ఉన్నపుడు చక్కెర పెరిగిన స్త్రీలు ఆలస్యం చేయరాదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం.

పరగడుపున చక్కెర 100 లోపు ఉన్నచో మామూలు. 100 నుండి 125 వరకు హెచ్చరిక. 126 లేక అంతకు మించినచో మధుమేహం. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఏ1సి పరీక్షలో 6.5 శాతం ఆపైన ఉన్నను మధుమేహమే. లక్షణాలు లేనివారికి రెండవసారి పరీక్షించి నిర్ధారింతురు. అతిదాహం, అతిమూత్రం, బరువు తగ్గుట, మానని పుండు కనిపించినచో వెంటనే వైద్యుని చూడవలెను.

ఆహారం, నీరు

రాగులలో పాలిష్ బియ్యం కంటె పీచు అధికం. అయినను రాగి కూడ పిండిపదార్థమే. ఇష్టమైనంత తినవచ్చుననుట పొరపాటు. పలుచని జావ త్వరగా జీర్ణమై చక్కెరను పెంచును. ముద్ద చిన్నది చేసి, ఉలవలు, అనపగింజలు, పప్పు, ఆకుకూర పెంచవలెను. చక్కెరకు బదులు బెల్లం వాడుట వలన లాభం లేదు.

పావగడ ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య కలదు. చక్కెర అదుపులో లేనివారు దాహంతో ఎక్కువ నీరు త్రాగుదురు గనుక శుద్ధిచేసిన నీటినే త్రాగవలెను. కీళ్ళ నొప్పుల వలన నడవలేనివారు కూర్చుండి చేయు వ్యాయామాలను వైద్యుని అడిగి తెలుసుకొనవలెను.

వ్యాధి వచ్చినవారు మరువరానివి

కాకరరసం, మెంతులు మందుకు బదులు కావు. చక్కెర తగ్గినదని మాత్రలు తామే మానరాదు. అది తగ్గినది మాత్రల వలననే కావచ్చును. మందు వేసుకొని ఉపవాసముండుట ప్రమాదకరం. చెమట, వణుకు, తల తిరుగుట కలిగినచో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగవలెను. స్పృహ లేనివారి నోట ఏదియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను.

నరాలు మొద్దుబారిన పాదానికి ముల్లు గుచ్చుకొన్నను తెలియదు. చెప్పులు లేక నడవరాదు. రాత్రి పండుకొనుటకు ముందు పాదాలు చూచుకొనవలెను. ఏడాదికొకసారి కంటి లోపలి పొరను, మూత్రపిండాలను పరీక్ష చేయించుకొనవలెను.

సరిహద్దు కుటుంబాలవారు ఒకమారు పావగడలోను, మరొకమారు మడకశిర, హిందూపురాలలోను వైద్యం పొందుట పరిపాటి. అందుచేత మందుల పేర్లు, మోతాదు, పరీక్షల అంకెలు, తేదీలు ఒక పుస్తకంలో వ్రాసి వెంట ఉంచుకొనవలెను. ఏ గట్టున చూపించినను వైద్యునికి ఆ పుస్తకమే ఆధారం.