ఆగస్టు వారం ఖరీదు

ఇంగ్లండు తూర్పు తీరంలో స్కెగ్నెస్ అని ఒక ఊరుంది. దాని పక్కనే ఇంగోల్డ్‌మెల్స్. సముద్రం ఒడ్డునే మైళ్ళ పొడవునా రేకు డబ్బాల్లాంటి కారవాన్లు బారులు తీరి ఉంటాయి. జూన్ మొదట్లో అందులో ఒక డబ్బా వారం రోజులకి అద్దెకి అడిగితే ఒక రేటు చెప్తారు. అదే డబ్బా, అదే ఇరుకు మంచం, కిటికీలోంచి అదే తడి గడ్డి... ఆగస్టు మొదట్లో అడిగితే రెట్టింపు చెప్తారు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. ఆగస్టులో నీళ్ళు కాస్త వెచ్చగా ఉంటాయంటారు గానీ, విశాఖలో కాళ్ళు తడుపుకున్నవాడికి రెండు నెలలూ ఒకటే :)

యూకేలో ఆన్‌సైట్‌కి వెళ్ళిన మనవాళ్ళు, ముఖ్యంగా బడికెళ్ళే పిల్లలున్నవాళ్ళు, మొదటి వేసవిలోనే ఈ షాక్ తింటారు. "దోపిడీరా బాబూ" అనేస్తారు కొందరు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి రాజమండ్రికి ప్రైవేటు బస్సు టికెట్టు కొన్న అనుభవం ఉన్నవాళ్ళు మాత్రం "డిమాండ్, సప్లై, అంతే కదా" అని సరిపెట్టుకుంటారు. నాకు రెండూ పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. సంక్రాంతి ఎప్పుడు రావాలో సూర్యుడు నిర్ణయిస్తాడు, దాన్ని ఎవరూ మార్చలేరు. ఇంగ్లండులో ఆగస్టు రద్దీని సూర్యుడు తయారు చెయ్యలేదు. మిల్లులు, పార్లమెంటు, బడుల క్యాలెండర్లు కలిసి నూటయాభై ఏళ్ళలో తయారు చేశాయి. ఒకప్పుడు ఆ రద్దీ ఇంత లేదు కూడా.

ముందు కారవాన్ సంగతి. సరదా కోసం కారవాన్‌లో తిరగడం మొదలెట్టింది డబ్బున్నవాళ్ళు. విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే రిటైరైన నేవీ డాక్టరు 1885లో "వాండరర్" అని ఒక బండి బ్రిస్టల్‌లో చేయించుకుని, దానికి గుర్రాలు కట్టి స్కాట్లండు దాకా వెళ్ళొచ్చాడు. 1907లో కారవాన్ క్లబ్బు పెట్టారు. కారు వెనక తగిలించుకునే కారవాన్లని ఎక్లెస్ కంపెనీ 1919లో అమ్మకానికి తెచ్చింది. వీళ్ళెవరికీ సెలవు ఇంకొకరు ఇవ్వక్కర్లేదు. మే నెలయినా, సెప్టెంబరయినా వాళ్ళిష్టం. ఇలాంటివాళ్ళతో ఏ వ్యాపారానికీ సీజన్ ఏర్పడదు. సీజన్ ఏర్పడాలంటే మామూలు జనం ఒకేసారి బయల్దేరాలి.

మామూలు జనం కథ లాంకషైర్ నూలు మిల్లుల్లో మొదలవుతుంది. అక్కడ "వేక్స్" అని ఉండేవి. మన తిరునాళ్ళు అనుకోండి. ఊరి చర్చి పేరు మీద ఏడాదికోసారి జరిగే పండగ. మిల్లులు వచ్చాక కూడా జనం ఆ రోజుల్లో పనికి డుమ్మా కొట్టడం మానలేదు. యజమానులు కొన్నాళ్ళు తిట్టి చూశారు, లాభం లేకపోయింది. చివరికి ఆ వారం మిల్లు మొత్తం మూసేసి బాయిలర్లు కడిగించుకోవడం, రిపేర్లు చేయించుకోవడం మొదలెట్టారు. మనం రిలీజుకీ రిలీజుకీ మధ్య మెయింటెనెన్స్ విండో పెట్టుకుంటామే, అలాగ.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఒక్కో ఊరి తిరునాళ్ళు ఒక్కో తేదీ కాబట్టి ఒక్కో ఊరి మిల్లులు ఒక్కో వారం మూసేవాళ్ళు. ఈ వారం ఒక ఊరికి ఊరే రైలెక్కి బ్లాక్‌పూల్ వెళ్ళిపోయేది. వచ్చే వారం ఇంకో ఊరు. ఓల్డమ్ వంతు ఆగస్టు చివర్లో వచ్చేది. బ్లాక్‌పూల్లో గదులు అద్దెకిచ్చే ఆడవాళ్ళకి జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏదో ఒక ఊరి జనం వస్తూనే ఉండేవాళ్ళు. ఎవరూ కూర్చుని డిజైన్ చెయ్యని లోడ్ బ్యాలెన్సింగ్ ఇది. పాత చర్చి పండగల తేదీలు వేరువేరుగా ఉండటం వల్ల దానంతటదే కుదిరింది.

అలాగని అవి బంగారు రోజులు కావు. వేక్స్ వారంలో మిల్లుకి సెలవు, జీతానికీ సెలవే. కార్మికులు ఏడాది పొడవునా వారానికింత అని చీటీల్లాంటి క్లబ్బుల్లో కూడబెట్టి, ఆ ఒక్క వారంలో ఖర్చు పెట్టేవాళ్ళు. ఇంటికొచ్చాక మళ్ళీ జీతం అందేదాకా చేతిలో కానీ ఉండేది కాదు.

అందరికీ కలిపి ఒకే రోజు సెలవు అన్నది 1871లో వచ్చింది. జాన్ లబ్బాక్ అనే బ్యాంకరు, పార్లమెంటు సభ్యుడు కూడా, బ్యాంకు సెలవుల చట్టం తెచ్చాడు. ఆగస్టు మొదటి సోమవారం సెలవయింది. తరవాత పెద్ద అడుగు 1938లో పడింది, జీతంతో కూడిన సెలవుల చట్టం. అది అందరికీ హక్కుగా ఇచ్చిన చట్టం కాదు, వేతనాలు నిర్ణయించే బోర్డులకి ఒక వారం జీతపు సెలవు ఇప్పించే అధికారం ఇచ్చింది. కాకపోతే గాలి అటే వీస్తోంది. 1939 నడిమికి కోటీ పది లక్షల మందికి ఏదో ఒక రూపంలో జీతంతో సెలవు దొరికింది. ఆ గాలి పసిగట్టినవాడు బిల్లీ బట్లిన్. 1936లోనే స్కెగ్నెస్ పక్కన హాలిడే క్యాంపు తెరిచి, వారం జీతంతో వారం సెలవు అన్న లెక్క మీద ప్రచారం చేసుకున్నాడు. డర్బీషైర్ బొగ్గుగని కార్మికులు 1939లో అదే ఊళ్ళో తమ క్యాంపు తామే కట్టుకున్నారు. నాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చుతుంది.

యుద్ధం అయ్యాక కార్లు పెరిగాయి, కారవాన్లూ పెరిగాయి. ఇళ్ళ కొరతకి వేలమంది కారవాన్లలోనే కాపురాలు పెట్టేశారు. ప్రభుత్వం కోసం సర్ ఆర్టన్ విల్సన్ 1959లో దాని మీద ఒక నివేదిక ఇచ్చాడు, మర్నాటి ఏడే, అంటే 1960లో, కారవాన్ సైట్ల చట్టం వచ్చింది. సైటు పెట్టాలంటే ప్లానింగ్ అనుమతి కావాలి, పైన కౌన్సిల్ నుంచి లైసెన్సు కావాలి. సెలవుల కారవాన్ శాశ్వత ఇల్లుగా మారిపోకుండా, చలికాలం సైటు మూసెయ్యాలని చాలా చోట్ల షరతు పెట్టారు. మార్చిలో తెరువు, అక్టోబరులో ముయ్యి. తరవాత్తరవాత చాలా సైట్లకి పది, పదకొండు నెలలు ఇచ్చారనుకోండి.

ఇప్పుడు సైటు ఓనరు కుర్చీలో కూర్చుని చూద్దాం. స్థలం, నీళ్ళ పైపులు, కరెంటు, మురుగు, అప్పు మీద వడ్డీ, ఇవన్నీ పన్నెండు నెలల ఖర్చులు. తెరిచి ఉండేది ఎనిమిది నెలలు. నిండేది ఆరు వారాలు. పిచ్‌లు (క్రికెట్ పిచ్ కాదు, కారవాన్ నిలిపే చోటుని పిచ్ అంటారు) ఎన్నుండాలో లైసెన్సులోనే ఉంటుంది. ఆగస్టులో లోడ్ పెరిగిందని క్లౌడ్‌లో సర్వర్లు పెంచినట్టు నాలుగు పిచ్‌లు పెంచలేడు. నవంబరులో తగ్గించనూ లేడు. పీక్ లోడ్‌కి కట్టిన డేటా సెంటర్ ఏడాదంతా ఖాళీగా తిరుగుతుంటే ఆ బిల్లు ఎవరి నెత్తిన పడుతుందో మనకి తెలిసిందే. లో, మిడ్, హై అని మూడు సీజన్ల రేట్లు బ్రోషర్లో అచ్చు వెయ్యడానికి ఆయనకి కంప్యూటర్ అక్కర్లేకపోయింది. ఆన్‌లైన్ బుకింగ్ వచ్చాక ఆ మూడు గడులు రోజువారీ రేట్లయ్యాయి, అంతే తేడా.

ప్రభుత్వానికి ఈ రద్దీ కనిపించలేదా అంటే కనిపించింది. ఆగస్టు మొదటి సోమవారం సెలవుని నెలాఖరుకి జరిపితే సీజన్ కాస్త సాగుతుందని 1965 నుంచి ప్రయోగం చేశారు, 1971లో చట్టం చేశారు. స్కాట్లండులో మాత్రం అది పాత మొదటి సోమవారమే ఉండిపోయింది. ఇంతలో రెండోవైపు లాంకషైర్ మిల్లులు ఒక్కోటీ మూతపడుతూ వచ్చాయి. మిల్లుతో పాటు వేక్స్ వారమూ పోయింది. కొన్ని ఊళ్ళలో బడులు ఇంకొన్ని దశాబ్దాలు ఆ సెలవులు ఇస్తూ వచ్చి, చివరికి అవీ మిగతా దేశంతో కలిసిపోయాయి. జులై చివరి నుంచి సెప్టెంబరు మొదలు దాకా ఆరు వారాలు. దాదాపు ఇంగ్లండు మొత్తం ఒకే క్యూలో నిలబడింది.

క్యూ తప్పించుకునే దారి ఒకటుండేది. ప్రత్యేక పరిస్థితుల్లో హెడ్ టీచరు ఏడాదికి పది రోజుల దాకా కుటుంబ సెలవుకి ఒప్పుకోవచ్చు. 2013 సెప్టెంబరులో ఇంగ్లండులో ఆ వెసులుబాటు తీసేశారు. అసాధారణ కారణం ఉంటేనే సెలవు, లేకపోతే జరిమానా. మర్నాటి ఫిబ్రవరిలో సెలవుల రేట్ల మీద పార్లమెంటులో చర్చ జరిగింది, లక్షన్నరకి పైగా సంతకాలున్న పిటిషన్ వల్ల. పెద్దగా ఏమీ మారలేదు. ఐల్ ఆఫ్ వైట్ తండ్రి ఒకాయన కూతుర్ని బడి మాన్పించి విహారానికి తీసుకెళ్ళి, జరిమానా కట్టనని సుప్రీం కోర్టు దాకా వెళ్ళాడు. 2017 ఏప్రిల్లో కోర్టు ఆయనకి వ్యతిరేకంగా తేల్చింది. "క్రమం తప్పకుండా" హాజరవడం అంటే బడి పెట్టిన నియమాల ప్రకారం హాజరవడమేనంది. 2024 ఆగస్టు నుంచి ఆ జరిమానా 80 పౌండ్లు, 21 రోజుల్లో కడితే. అదీ ఒక్కో తల్లి/తండ్రికి, ఒక్కో పిల్లకి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అంటే 320 పౌండ్లు. జూన్ రేటుకీ ఆగస్టు రేటుకీ ఉన్న తేడాలోంచి ఈ 320 తీసేసి లాభనష్టాలు చూసుకునే తల్లిదండ్రులు ఉన్నారంటే నాకేం ఆశ్చర్యం లేదు. కాకపోతే మూడేళ్ళలో రెండోసారి దొరికితే 160, మూడోసారి కోర్టు. వీసా మీద ఉన్న మనవాళ్ళకి ఈ ఎక్సెల్ షీటు నేను సిఫార్సు చెయ్యను.

బడి మాన్పించడం మంచిదని నేననను. నా ఫిర్యాదు వేరు. పిల్లల్ని ఒకే ఆరు వారాల్లో వదిలేదీ ప్రభుత్వమే, బయట కాలు పెడితే జరిమానా వేసేదీ ప్రభుత్వమే, పిచ్‌ల సంఖ్యకి అనుమతిచ్చేదీ అదే. ఆ తరవాత "మార్కెట్ ధర" అంటే ఎలా? రిటైరైన జంట మేలో చవగ్గా వెళ్ళొస్తుంది. పెళ్ళికాని కుర్రాళ్ళు సెప్టెంబరులో వెళ్తారు. అందరికన్నా ఎక్కువ కట్టేది ఒకటి రెండు జీతాల మీద బడి పిల్లల్ని పెంచుతున్న ఇల్లు. 1938లో ఎవరి కోసం పోరాడారో సరిగ్గా వాళ్ళే.

ఇంకోలా చెయ్యొచ్చా అంటే జర్మనీ చేసి చూపించింది. 1964 హాంబుర్గ్ ఒప్పందం తరవాత అక్కడ రాష్ట్రాలు వేసవి సెలవులు విడతలుగా ఇచ్చుకుంటాయి, తేదీలు ఏడాదికేడాది వంతులవారీగా మారతాయి. బవేరియా మాత్రం పట్టుబట్టి ఎప్పుడూ ఆఖర్నే. మొత్తం కలిపితే సెలవులు జూన్ చివరి నుంచి సెప్టెంబరు నడిమి దాకా పరుచుకుంటాయి. వేక్స్ వారాల్లో దానంతటదే కుదిరినదాన్ని వీళ్ళు కాయితం మీద రాసుకున్నారు.

సరే, డబ్బుకి తగ్గ విలువ ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్ళకి కూడా 1960 చట్టంలోనే ఒక జవాబుంది. గుర్తింపు పొందిన క్లబ్బులు ఒప్పుకున్న చిన్న చోట్లకి, అయిదు కారవాన్లు మించకపోతే, ఆ లైసెన్సు అక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు. రైతు పొలంలో ఒక మూల, ఒక కుళాయి, టాయిలెట్ డబ్బా పారబోసే చోటు. చాలా వాటిలో షవర్ ఉండదు, స్విమ్మింగ్ పూల్ అసలే ఉండదు. లేనివాటికి ఆగస్టులో రెట్టింపు కట్టే బాధ కూడా ఉండదు. కాకపోతే సొంత కారవాన్ ఉండాలి, కనీసం అద్దెకి తెచ్చుకోవాలి. పెద్ద పార్కులో స్టాటిక్ కారవాన్ కొనేద్దామా అనుకునేవాళ్ళు మాత్రం ఒక్కటి చూసుకోండి, డబ్బా మీది, కింద నేల మీది కాదు. ఏటా పిచ్ ఫీజు కట్టాలి, ఒప్పందంలో రాసిన ఏళ్ళు నిండాక డబ్బాని తీసెయ్యాలి.

క్యాలెండర్లో మిగిలిన చిల్లులూ ఉన్నాయి. స్కాట్లండు బడులు జూన్ చివర్లో మూసి ఆగస్టు నడిమికల్లా తెరిచేస్తారు. అంటే ఇంగ్లండు పిల్లలకి ఆగస్టు ఆఖరి రెండు వారాలు స్కాట్లండు తీరం కాస్త ఖాళీగా దొరుకుతుంది. ఇంకోటి లెస్టర్. అక్కడ ఫ్యాక్టరీలు జులై మొదటి రెండు వారాలు మూసేవాళ్ళు, ఊరంతా స్కెగ్నెస్‌కే వెళ్ళేది. ఆ ఫ్యాక్టరీలు చాలావరకు పోయాయి గానీ, లెస్టర్‌షైర్ బడులు ఇప్పటికీ మిగతా ఇంగ్లండు కంటే వారం పైనే ముందు సెలవులిచ్చి, ఆగస్టు చివర్లోనే తెరుస్తారు. లెస్టర్‌లో ఉంటున్న మనవాళ్ళు, జులై రెండో వారం చివర్లో ఇంగోల్డ్‌మెల్స్ రేట్లు ఒకసారి చూడండి.