వాసెన: కుండ మూతి కథ



పదవీ విరమణ తరువాత నల్లగండ్లలో మా అబ్బాయి ఇంట ఉంటున్నాను. మొన్న వేసవిలో ఒక అర్ధరాత్రి వంటింట్లో ఫెళ్ళుమన్న చప్పుడుకు ఇంటిల్లిపాదీ లేచాము. అల్లం, బెల్లం కలిపిన నీటిని పులియబెడితే సోడా అవుతుందని మా మనుమడు గాజుసీసాలో పోసి బిరడా బిగించాడట. మూడవనాటికి సీసా పగిలింది. ఆ వేళ దగ్గర ఎవరూ లేకపోవడం మా అదృష్టం. పెంకులు ఏరుతూ వాడడిగాడు: "తాతగారూ, పూర్వం కుండలు పగిలేవి కావా?" ఆ ప్రశ్నకు సమాధానమే ఈ టపా.

వంద గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిసి మద్యమైతే పాతిక లీటర్లకు పైగా బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. దారి ఇవ్వకపోతే అది దారి చేసుకుంటుంది. పోనీ మూత తీసి ఉంచుదామంటే ఈగలు చేరతాయి, గాలి సోకి మద్యం సిర్కాగా మారుతుంది. లోపలిది బయటికి పోవాలి, బయటిది లోపలికి రాకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

కోనసీమలో మా ఇంట తరవాణి కుండ ఉండేది. అన్నమూ గంజీ పులిసే ఆ కుండపై మా అమ్మగారు మూకుడు బోర్లించేవారు, దానిపై బరువు పెట్టేవారు కాదు. అక్కడ కావలసింది పులుపే గనుక గాలికి వెరపు లేదు. ఊరగాయ జాడీకి మాత్రం వాసెన కట్టేవారు. పాత్ర మూతికి కట్టే గుడ్డకు మన భాషలో ఉన్న చక్కని పేరు వాసెన. అది ఈగను, దుమ్మును ఆపుతుంది, ఊపిరిని ఆపదు. ఇక తాటిచెట్టు మీది లొట్టికి మూతతో పనే లేదు. కల్లు ఏనాటిది ఆనాడు తాగేదే కదా! తియ్యదనం నిలవాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు.

ఎక్కువకాలం నిలవవలసింది ఔషధం. చరకసంహిత సూత్రస్థానం ఎనభై నాలుగు ఆసవాలను చెప్పింది. గృహస్థులు ఉత్సవాదులకు శ్వేతసురను, ఔషధానికి అరిష్టాన్ని ఇంట చేసుకోవచ్చునని కౌటిల్యుడు అనుమతించాడు. (అనుమతి లేకుండా మద్యం తయారుచేయడం నేడు నేరమని మనుమలకు చెప్పండి!) వైద్యులు కుండ లోపల నెయ్యి పూసి, నిండా నింపక కొంత వెలితి ఉంచి, మూత అంచుకు మట్టి పూసిన గుడ్డ చుట్టేవారు. దీనినే సంధిబంధనం అన్నారు. ఆ కుండను ధాన్యరాశిలో పక్షమో మాసమో ఉంచేవారు. వెలిగించిన పుల్లను పాత్ర మూతి వద్దకు తెస్తే ఆరిపోయిందా, పులియడం ఇంకా సాగుతున్నట్లు. వెలుగుతూనే ఉందా, ముగిసినట్లు.

మనవారికి అన్నీ తెలుసునని చెప్పుకోవడం నాకు రుచించదు. వాసెన ఈగను ఆపినా గాలిని ఆపలేదు. మట్టికట్టు గాలిని ఆపినా, లోపలి వాయువుకు ఏర్పరచిన దారి అంటూ లేదు. ఆ రెండు పనులూ ఒక్కసారి చేసేది నీరు. చైనాలో సిచువాన్ వారి ఊరగాయ జాడీకి మూతి చుట్టూ కాలువ ఉంటుంది. అందులో నీరు పోసి మూత బోర్లిస్తారు. వాయువు బుడగలై వెళ్ళిపోతుంది, గాలి లోపలికి రాదు. 1860ల నాటికి ఫ్రాన్సులో పాశ్చర్ హంసమెడ వంటి వంకర గొట్టం గల గాజుబుడ్డితో, చెడగొట్టేది గాలి కాదని, ధూళి మీద సవారీ చేసి వచ్చే సూక్ష్మజీవులని నిరూపించాడు. నేడు ఇళ్ళలో పులియబెట్టేవారు బిరడాకు గుచ్చే ఎయిర్‌లాక్ అనే వంకర గొట్టం పనిచేసేది సిచువాన్ జాడీ సూత్రంతోనే. దాని వంపులో ఉన్న నీరే మూత.

మా మనుమడి తప్పు ఒక్కటే. పాత్ర మారింది, జాగ్రత్త మారలేదు. మూకుడు తనంతట తానే లేచి వాయువుకు దారి ఇచ్చేది. బిగించిన గాజుసీసా ఇవ్వదు. మూకుడు, వాసెన అనే మాటలతో బాటు వాటిలో దాగిన హెచ్చరిక కూడా మన వంటిళ్ళను విడిచిపోయింది.

ఇప్పుడు వాడి సీసాకు ఆ గొట్టం అమరింది. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి బుడుగు బుడుగుమని వినిపిస్తుంది. ఎయిర్‌లాక్‌కు తెలుగేమిటని వాడడిగితే "నీటివాసెన" అన్నాను. అంతకంటె మేలైన మాట మీలో ఎవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను.